గచ్చువీధి చేర్పు ఉత్సవం

గచ్చువీధివాళ్ళు కలిసిమెలిసి బతుకుతున్నారన్న సంగతి వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. అందుచేత ఏళ్ళ తరబడి ఏ ఇబ్బందీ లేకుండా కలిసిమెలిసి బతికేశారు. ఆ సంగతి పురపాలక సంఘం దృష్టికి రావడంతో చిక్కొచ్చిపడింది.

గోదావరి కాలవ పక్కనున్న ఆ చిన్న పట్నంలో గచ్చువీధి గొప్ప పేరున్న వీధేం కాదు. గచ్చు ఏనాడో పోయి పేరు ఒక్కటే మిగిలింది. వీధికి ఒక కొసన ఆంజనేయస్వామి గుడి, ఇంకో కొసన మున్సిపాలిటీ కుళాయి. రెంటి మధ్యా ఒక మురుగుకాలవ. ఆ కాలవకి మూత లేదు, వాలు లేదు, మొహమాటమూ లేదు. నాలుగు చినుకులు పడితే చాలు, ప్రతి ఇంటి గుమ్మంలోకీ పిలవని చుట్టంలా వచ్చి కూర్చునేది. వీధి సంఘం అధ్యక్షుడు సీతాపతిగారు పంచదార ఫ్యాక్టరీలో గుమాస్తాగా పనిచేసి దిగిపోయిన మనిషి. చచ్చేలోగా ఆ కాలవని సిమెంటుతో కట్టించి మూత వేయించాలన్నది ఆయన జీవితాశయం.

ఆ వేసవిలో పట్నానికి 'అందరూ మనవారే' అనే పథకం వచ్చింది. పొట్ట చేతపట్టుకుని వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళనీ, తక్కువమంది ఉన్న మతాలవాళ్ళనీ ఊరి జీవితంలో చేర్చుకోవాలని దాని ఉద్దేశం. బాగా చేర్చుకున్న వీధికి బహుమానంగా మూతతో సహా సిమెంటు మురుగుకాలవ కట్టిస్తారు. సీతాపతిగారి భార్య భ్రమరాంబ ఈ వార్త పేపర్లో చదివి, ఎవరో మంచివాళ్ళే ఆలోచించారనుకుని, దేవుడి గది వైపు తిరిగి ఒక దణ్ణం పెట్టింది. సీతాపతిగారు రెండు దణ్ణాలు పెట్టారు. రెండోది కాలవకి.

పథకం అధికారి ఓబులపతిగారు సర్వేకి వచ్చిన పూట భ్రమరాంబ వంటింట్లో పీట వేసుకుని చింతపండు గింజలు తీస్తోంది. ఎదురుగా ఇంకో పీట మీద బాసంతి కూర్చుని, తీసిన చింతపండుని ఉప్పు రాసి ముద్దలు కడుతోంది. బాసంతిది ఒరిస్సా. భర్త దండపాణి నీళ్ళ పైపుల పని చేస్తాడు. వాళ్ళిద్దరూ ఈ వీధికి వచ్చిన కొత్తలో భ్రమరాంబ అత్తగారు బతికే ఉంది. ఆవిడ పోయాక వరసగా రెండేళ్ళు భ్రమరాంబ పెట్టిన ఆవకాయకి బూజు పట్టింది. మూడో ఏడు ఉప్పు వెయ్యబోతుంటే చెయ్యి తెగి, చివరికి బాసంతి చేత వేయించింది. మడీ ఆచారమూ ఉన్న ఇల్లు కనుక, చేయించేముందు దేవుడి పటం కేసి ఓసారి చూసింది. ఆయనేమీ అనలేదు. ఆ ఏడు జాడీ మళ్ళీ మామిడికాయ వచ్చేదాకా ఎర్రగా నిగనిగలాడింది. అప్పట్నుంచీ వీధిలో ఎవరింట్లో ఆవకాయ కలిపినా మొదటి దోసెడు ఉప్పు బాసంతి చేతిదే. ఎందుకో ఎవరూ అడగరు. హస్తవాసిని ఎవరు మాత్రం అడుగుతారు?

ఓబులపతిగారు గుమ్మంలో నిలబడి ఈ దృశ్యాన్ని చూసి కలవరపడ్డారు. వెనకాల కెమెరా పట్టుకున్న సహాయకుణ్ణి ఫోటో తీయొద్దని చేత్తో వారించారు.

"ఈమె వలస కుటుంబమునకు చెందినవారు కదా. ఈ వంటగదిలో ఏ హోదాలో ఉన్నారు?" అని అడిగారు.

భ్రమరాంబ బాసంతి చేతుల కేసి చూసింది. "చింతపండు ముద్దలు కడతందండి," అంది.

ఓబులపతిగారు బాసంతిని ఆమె భాషలో పలకరించాలని ఎక్కడో నేర్చుకున్న రెండు ఒరియా మాటలు పలికారు. బాసంతి మర్యాదగా విని, "తెలుగులో చెప్పేయండి, పర్లేదండి ఆయ్," అంది. ఆయన ముఖం ఇంకాస్త వాడింది. కుర్చీ వేయించుకుని, రుమాలుతో మెడ తుడుచుకుని, చిక్కు ఏమిటో విడమరిచి చెప్పారు. చేర్పు అనగా వెలుపల ఉన్నవారిని లోపలికి తెచ్చుట. ఈమె ఇప్పటికే లోపల ఉన్నారు. చేరియున్న వ్యక్తిని చేర్చుటకు నిబంధనలలో వీలు లేదు. ఈమెను చేర్చనిదే వీధికి మార్కులు రావు. మార్కులు రానిదే కాలువ రాదు.

సీతాపతిగారు హాల్లోంచి గబగబా వచ్చారు. దీనికి ఉపాయం లేదా అని అడిగారు.

"ఉన్నది," అన్నారు అధికారి. "ముందుగా ఈమెను వెలుపలకు పంపవలెను. దానిని ప్రాథమిక బాహ్య స్థితి అందుము. ఉత్సవము నాడు చేర్పు కార్డు ఇచ్చి సగౌరవముగా లోనికి ఆహ్వానింతుము."

"అంటే వెలేయమంటారేటండి?" అంది భ్రమరాంబ.

"ఆ మాట వాడరాదు. అది సంస్కారము కాదు. ప్రాథమిక బాహ్య స్థితి అనవలెను."

బాసంతి చేతికంటిన చింతపండు కడుక్కుని లేచింది. అందరిలోకీ నిబ్బరంగా ఉన్నది ఆమే. "లోపలున్నదాన్ని బయటికంపి, మళ్ళీ లోపలికి రమ్మంటారు. అంతే కదండీ? కాలవ కోసం ఆ మాత్రం నడుస్తాన్లెండి," అని, పెరటి గోడలో ఇటికలు ఊడిన సందులోంచి తన ఇంటికి వెళ్ళిపోయింది. ఆ సందు ఎవరూ కావాలని చేసింది కాదు. రెండిళ్ళ ఆడవాళ్ళూ గిన్నెలు అందుకుని అందుకుని దానంతటదే పెద్దదైంది. మర్నాడు ఓబులపతిగారి సహాయకుడు వచ్చి దానికి ఒక రేకు అడ్డం పెట్టించాడు.

వీధి సంఘం సమావేశం గుడి అరుగు మీద జరిగింది. అల్పసంఖ్యాకుల కింద మీరాబీని కూడా బయట పెట్టాలని అధికారి రాసి పంపారు. మీరాబీ జాకెట్లు కుట్టే మనిషి. పిలిస్తే మిషను ఆపి, మెడలో టేపుతోనే వచ్చింది.

"మా ముత్తాత ఈ వీధికి గచ్చు చేసినాయన," అంది. "అప్పటికి మీ ఇళ్ళ పునాదులు కూడా లెగలేదండి. ఇప్పుడు నన్ను బయటికి పంపి ఎవరిలో చేర్చుకుంటారు? చేర్చుకునేవోళ్ళంతా నా తరవాతొచ్చినోళ్ళే కదా?"

సీతాపతిగారు కాలవ కేసి చూపించారు. మీరాబీ కాలవ కేసి చూసి, ముక్కు మూసుకుని, సరేనంది. కానీ బయట ఉన్నన్నాళ్ళూ లోపలివాళ్ళ జాకెట్లు కుట్టనని ఒక షరతు పెట్టింది. వెలిలో ఉన్న మనిషి దగ్గరికి కొలతలకి వస్తే వెలి ఎలా అవుతుందని ఆమె వాదన. నిబంధన ప్రకారం అది న్యాయమేనని అధికారి కూడా ఒప్పుకున్నారు. ఆ దెబ్బతో కుళాయి పక్కింటి వరహాలమ్మగారి మనవరాలి పెళ్ళికి సగం వీధి పిన్నీసులతో వెళ్ళింది.

ఆ మర్నాటి నుంచి గచ్చువీధి ఇద్దరు మనుషుల్ని దూరం పెట్టడం మొదలెట్టింది. అదెంత కష్టమో దిగితేగాని తెలియలేదు. పలకరించకూడదు. కూర గిన్నెలు ఇచ్చిపుచ్చుకోకూడదు. నవ్వు తప్పనిసరి అయినప్పుడు ముఖం పక్కకి తిప్పుకుని నవ్వాలి. ఇవన్నీ అధికారి పంపిన మార్గదర్శకాలు. అలవాటు లేని పని కావడంతో పొద్దున్న లేస్తే తప్పులే. సీతాపతిగారు వీధిలోకి వస్తూనే ఏమ్మా బాసంతీ, మీ ఆయన పనిలోకెళ్ళాడా అనేవారు. బాసంతి తన గుమ్మంలోంచి గొంతు తగ్గించి, "బావగారూ, నాతో మాటాడకూడదండి. ఆఫీసరుగారు ఈధి మొదట్లో ఉన్నారు," అని గుర్తుచేసేది. ఆయన నాలిక కరుచుకుని, థాంక్సమ్మా అని మళ్ళీ తప్పు చేసేవారు.

ఒక రోజు సీతాపతిగారి ఇంట్లో పైపు పగిలి నీళ్ళు హాల్లోకి చిమ్మాయి. పిలవాల్సినవాడు దండపాణి. పిలవకూడనివాడూ అతనే. విషయం చెవినపడ్డ దండపాణి తన పెరట్లో నిలబడి మునగచెట్టుతో మాట్లాడటం మొదలెట్టాడు.

"ఇదిగో మునగచెట్టూ, ఎవరింట్లోనన్నా పైపు పగిలిందనుకో, ముందు బాత్రూం వెనకాల వాల్వు కట్టాలి. కుడిపక్కకి తిప్పాలి. ఎడంపక్కకి కాదు, కుడిపక్కకి. అబ్బా, కుడి అంటే అన్నం తినే చెయ్యి."

గోడకి ఇవతల సీతాపతిగారు నిలువునా తడిసి, అన్నం తినే చెయ్యి ఏదో చూసుకుని తిప్పారు. నీళ్ళు ఆగాయి. ఆయన కూడా మునగచెట్టుకే నమస్కారం పెట్టారు.

తొలి తనిఖీలో గచ్చువీధికి చాలా తక్కువ మార్కులు పడ్డాయి. బాహ్య స్థితి సంతృప్తికరముగా లేదనీ, వెలుపల ఉన్నవారి ముఖములలో తగినంత వెలితి కనబడుట లేదనీ ఓబులపతిగారు రాశారు. ఆయన చెడ్డమనిషేం కాదు. చెప్పులు గుమ్మం అవతల విప్పేవారు, మంచినీళ్ళిస్తే రెండు చేతులా అందుకునేవారు. పక్కనున్న పెదవీధిని చూసి నేర్చుకోమని బతిమాలారు. అక్కడ ఎవరూ ఏ శిక్షణా ఇవ్వకుండానే బయటినుంచి వచ్చినవాళ్ళకి ఇళ్ళు అద్దెకివ్వరు, వాళ్ళ బిందె కుళాయి దగ్గర ముట్టుకోరు, వాళ్ళ పేర్లు కూడా ఎవరికీ తెలియవు. పునాది అంత గట్టిగా ఉంటే దాని మీద చేర్పు చక్కగా నిలబడుతుంది.

ఆ మాట సీతాపతిగారికి పౌరుషం తెప్పించింది. పెదవీధివాళ్ళు చేసిన పని మనం చెయ్యలేమా అన్నారు. భ్రమరాంబ ఆ రాత్రి భోజనం వడ్డిస్తూ, చెయ్యలేకపోతే నష్టం ఏవిటండీ అని అడిగింది. కాలవే నష్టం అన్నారాయన. ఆవిడ మజ్జిగ పోసింది.

మనుషులకి అలవాటు కాని పనంటూ ఉండదు. మొదట మరిచిపోయి పలకరించినవాళ్ళు తర్వాత గుర్తుపెట్టుకుని మానేశారు. ఆ తర్వాత గుర్తుపెట్టుకోనక్కర్లేకుండానే మానేశారు. కుళాయి దగ్గర బాసంతి బిందె వరసలో వెనక్కి జరగడం మొదలైంది. ముందు ఎవరు జరిపారో తెలియదు. ముందు మనవాళ్ళని పట్టుకోనీ అని వరహాలమ్మగారు ఒక పొద్దున్న మామూలుగా అనేసింది. మనవాళ్ళు అన్న మాట ఆ వీధిలో అంతకుముందు పెళ్ళి భోజనాల్లో, మనవాళ్ళంతా వచ్చేశారా అని అడిగేటప్పుడే వినబడేది. అప్పుడు అందులో బాసంతి కూడా ఉండేది.

ఆ పొద్దున్న భ్రమరాంబ కూడా బిందెతో అక్కడే ఉంది. బాసంతి ఆవిడ కేసి చూసింది. పెద్దగా ఏం కాదు, నెత్తి మీద చెంగు సర్దుకుంటూ చూసినట్టు చూసింది. భ్రమరాంబ కుళాయి ధార కేసి తిరిగి, తన బిందె నింపుకుని వచ్చేసింది. ఇంటికొచ్చి బిందె దించాక అనుమానమొచ్చి వీధి గుమ్మంలోకి వెళ్ళి అటూ ఇటూ చూసింది. ఆఫీసరు లేడు, సహాయకుడు లేడు, కెమెరా లేదు. వీధంతా ఖాళీగా ఉంది.

ఎవరూ చూడనప్పుడు కూడా తాను మొహం తిప్పుకుంది. అది మార్గదర్శకాల్లో లేదు. పూజ చేసుకుందామని కూర్చుంటే మంత్రం మధ్యలో ఆగిపోయింది. దీపం వత్తి ఎగదోస్తూ, స్వామీ, ఇది కాలవ కోసమే కదా, అని అడిగింది. దేవుడు మామూలుగానే ఏమీ అనలేదు. ఈసారి మాత్రం ఆ మౌనం ఒప్పుకున్నట్టు అనిపించలేదు.

అక్కడితో ఆగి ఉంటే ఏమయ్యేదో కానీ, మామిడికాయలు ఆగలేదు. కోతకొచ్చిన కాయకి ప్రభుత్వ పథకాలతో పని లేదు. ముహూర్తం చూసి ఓబులపతిగారు చేర్పు ఉత్సవానికి ఒక శుక్రవారం పెడితే, తోట నుంచి వీధి మొత్తానికి కాయలు దిగింది ఆ ముందురోజు సాయంత్రం. తెల్లారేసరికి ముక్కలు కొట్టి, జీడి తీసి, గుడ్డతో తుడిచి ఆరబెట్టడం అయిపోయింది. ఆవపిండి, కారం, నూనె అన్నీ భ్రమరాంబ పెరట్లో పెద్ద బేసిన్ల పక్కన సిద్ధంగా ఉన్నాయి. వీధి ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. ఉప్పు డబ్బా మూత తీసి, ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"నువ్వెయ్యి వదినా," అంది ఒకామె.

"నాదసలే బూజు చెయ్యి," అంది భ్రమరాంబ. " వరహాలమ్మగార్ని వెయ్యమను."

వరహాలమ్మగారు చెయ్యి వెనక్కి పెట్టుకుంది. ఏడాది పొడుగునా పదిమంది తినే పచ్చడి పాడైతే ఆ మాట ఎవరు పడతారు? ఉత్సవం సాయంత్రం. బాసంతి లోపలికి వచ్చేది అది ముగిశాకే. ఆలోగా ముక్క మెత్తబడిపోతుంది. సీతాపతిగారు వీధిలోంచి కేకేసి, స్టేజీ దగ్గరికి వచ్చి కుర్చీలు వేయించమంటున్నారు. భ్రమరాంబ లేచి, కొంగు బిగించుకుని, గోడకి అడ్డం పెట్టిన రేకు దగ్గరికి వెళ్ళి, ఆగింది. వెనక్కి తిరిగి వీధి గుమ్మంలోంచే బయటికి నడిచింది.

బాసంతి తన ఇంట్లో జగన్నాథస్వామి పటం ముందు దీపం పెడుతోంది. ఉత్సవానికి కట్టుకోమని ఆఫీసువాళ్ళిచ్చిన ఒరిస్సా నేత చీర మంచం మీద మడత విప్పకుండా ఉంది. ఆమె ఆ రకం చీర కట్టి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. ఫోటోలో వలసమనిషిలా కనబడటానికి ఇచ్చారు.

"ముక్కలు ఆరిపోయాయే," అంది భ్రమరాంబ. "ఉప్పు నువ్వు వెయ్యాలి."

బాసంతి దీపం కేసే చూస్తూ, "రేపొస్తానక్కా. కార్డిచ్చాక," అంది.

"రేపటికి ముక్క ఉండదు."

"నేనూ అదే అనుకున్నానక్కా. ఈ నాటకం అయ్యేటప్పటికి ఏం మిగులుద్దో అని." బాసంతి అప్పుడు తిరిగింది. "ఆఫీసరు చెప్పినప్పుడు నవ్వుకుంటా వచ్చేశాను. మునగచెట్టుతో మా ఆయన మాటాడితే నవ్వాను. ఆ రోజు కుళాయి కాడ మాత్రం ఆఫీసరు లేడక్కా. నేను చూసుకున్నాను."

"నేనూ చూశాను," అంది భ్రమరాంబ. "ఇంటికెళ్ళి గుమ్మంలో నుంచుని చూశాను. లేడు."

అంతకంటే క్షమాపణ చెప్పడం ఆవిడకి చేతకాలేదు. కళ్ళు తుడుచుకుని, పటం కేసి చెయ్యి చూపించి, "మీ స్వామి గుళ్ళో ప్రసాదానికి ఎంగిలి లేదని, ఎవరి పక్కన ఎవరన్నా కూర్చుని తినొచ్చని నువ్వే చెప్పేవు కదే. అక్కడ ముందు కొందర్ని బయట నుంచోబెట్టి, తర్వాత దండేసి పిలుస్తారా?" అని అడిగింది.

"లేదక్కా. ఎవరొస్తే వాళ్ళు కూచుంటారు."

"మరి లే."

బాసంతి లేచింది. గుమ్మం దాకా వచ్చి, "గోడ సందులోంచి రాను. ఈధిలోంచే వస్తాను. కుళాయి పక్కనించి," అంది.

అలాగే వెళ్ళారు. కుళాయి వాళ్ళ దారిలో లేదు. చుట్టూ తిరిగి, కుళాయి పక్కనుంచి, షామియానా ముందు నుంచి, ఉత్సవానికి కట్టిన రిబ్బను పక్కనుంచి ఇద్దరూ చేతులు పట్టుకుని నడిచారు. రిబ్బనుకి అవతల వెలుపలివారికని వేసిన రెండు కుర్చీలూ ఎండలో ఉన్నాయి. మీరాబీ అప్పటికే వచ్చి, ఇవతల పౌరులకి వేసిన కుర్చీల్లో, నీడలో కూర్చుని ఉంది. ఆమె వీళ్ళని చూసి, ఏమీ అడక్కుండా లేచి వెనకాల నడిచింది. కుర్చీలు వేస్తున్న సీతాపతిగారు నోరు తెరిచారు. ఉత్సవానికింకా టైముందే అని ఆయన అంటుంటే, మీరు రిబ్బను చూసుకోండి, మేం పచ్చడి చూసుకుంటాం అని భ్రమరాంబ ఆగకుండానే చెప్పింది. పెళ్ళయిన ఇన్నాళ్ళలో ఆవిడ ఆయనతో అలా మాట్లాడటం అదే మొదలు.

బాసంతి బేసిన్ ముందు కూర్చుని, ఎడంచేత్తో గాజులు పైకి తోసుకుని, రెండు చేతులా దోసెడు ఉప్పు తీసి, కళ్ళు మూసుకుని ఏదో అనుకుని ముక్కల మీద వేసింది. అందరూ ఊపిరి వదిలారు. ఒక బేసిన్ అయ్యాక ఇంకోటి, ఒక ఇంటిది అయ్యాక ఇంకో ఇంటిది. పొద్దు వాలేటప్పటికి ఆమె చెయ్యి మోచేతి దాకా ఎర్రబడింది.

షామియానాలో ఉత్సవం మొదలుపెట్టే వేళయింది. వేదిక మీద పెద్దలున్నారు. శాలువాలున్నాయి. కత్తెర పళ్ళెంలో ఉంది. వెలుపల ఎవరూ లేరు. లోపల కూడా ఆడవాళ్ళెవరూ లేరు. ఓబులపతిగారు మైకులో, చేర్చబడవలసిన వారు తక్షణమే వెలుపలకు రావలెనని రెండుసార్లు ప్రకటించి, ఫలితం లేక, సీతాపతిగారినీ సహాయకుణ్ణీ వెంటబెట్టుకుని ఆవఘాటు వస్తున్న వైపు నడిచారు.

పెరట్లో జాడీలన్నీ వరసగా నిండి ఉన్నాయి. పెద్ద బేసిన్ అడుగున, అంచులకి పట్టుకుని కాస్త ఎర్రటి గుజ్జు మిగిలింది. అందులో వేడివేడి అన్నం గుమ్మరించి, నూనె కారేలా కలిపి, బాసంతి ముద్దలు చేసి ఒక్కొక్కరి చేతిలో పెడుతోంది. ఆవకాయ కలిపిన రోజున బేసిన్ కడిగేముందు ఇలా అందరూ తలో ముద్దా తినడం ఆ వీధిలో మామూలు. వరహాలమ్మగారు తన వంతు ముద్ద అందుకుని, బాసంతి మొహం కేసి చూడలేక బేసిన్ కేసి చూస్తూ, రేప్పొద్దున్న మీ బిందె నేను పెడతాలే ముందు, అని గొణిగింది.

"ఏమిది?" అన్నారు ఓబులపతిగారు. "అధికారికముగా చేర్చుటకు ముందే చేర్చినారా? ఇప్పుడు నేను ఎవరిని చేర్చవలెను?"

అందరి నోళ్ళలోనూ ముద్దలున్నాయి. బాసంతి తలెత్తి ఆయన్ని తేరిపార చూసింది. ఆయన చొక్కా కాలరు నలిగి ఉంది. భోజనం వేళ దాటిపోయినట్టు మొహంలో తెలుస్తోంది.

"మీదే ఊరండీ?" అని అడిగింది.

"నా స్వస్థలము ప్రస్తుత అంశము కాదు."

"కాదనుకోండి. ఏ ఊరు?"

ఓబులపతిగారు ఆగి, కదిరి దగ్గర పల్లె అని చెప్పారు. ఇక్కడ ఎవరింట్లో ఉంటున్నారని బాసంతి అడిగింది. లాడ్జిలో. భోజనం? మెస్సులో. వచ్చి ఎన్నాళ్ళయింది? ఏడాది దాటింది. ఎవరన్నా ఇంటికి పిలిచారా? ఆయన సహాయకుడి కెమెరా కేసి చూశారు. అది ఆపేసి ఉంది.

బాసంతి బేసిన్లో మిగిలిందంతా చేత్తో తుడిచి ఒక పెద్ద ముద్ద చేసి, చెయ్యి చాచింది. "చెయ్యి పట్టండి. కార్డు తరవాత చూద్దాం."

ఆయన పట్టారు. నోట్లో పెట్టుకున్నారు. కారం నసాళానికంటి కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. కారానికే అని అందరూ మర్యాదగా అనుకున్నారు. కాసేపటికి ఆయన నోట్లోంచి మాటలొచ్చాయి, కానీ అవి అంతకుముందటి మాటల్లా లేవు.

"మా యమ్మ గూడ ఇట్లే పెడ్తాండె," అన్నారు. "అందర్నీ సుట్టూ కూచోబెట్టి. యాడాదైంది ఇట్ల తిని."

సీతాపతిగారు కూడా గట్టుమీద కూలబడి చెయ్యి చాచారు. రిబ్బను అలాగే ఉండిపోయింది. సాయంత్రం గాలికి తెగి కాలవలో పడింది.

నెల తిరక్కుండా ఫలితాలు వచ్చాయి. గచ్చువీధిలో వెలుపల ఎవరూ లేనందున చేర్పు సాధ్యపడలేదనీ, కావున ఈ వీధి పథకమునకు అనర్హమనీ తేల్చారు. మొదటి బహుమతి పెదవీధికి వచ్చింది. అక్కడ ఉత్సవం రోజున బయటివాళ్ళందర్నీ వేదికెక్కించి, దండలు వేసి, ఫోటోలు తీసి, చీకటి పడేలోగా ఎక్కడివాళ్ళని అక్కడికి పంపేశారు. వచ్చే ఏడు కూడా చేర్చుకోవడానికి వీలుగా. వాళ్ళకి సిమెంటు కాలవ పడింది, మూతతో సహా. సీతాపతిగారు ఓ పూట అన్నం మానేశారు. తర్వాత దండపాణి నలుగురు మగాళ్ళని పోగేసి, పారలతో గచ్చువీధి కాలవకి వాలు సరిచేశాడు. మూత లేదు గానీ, ఇప్పుడు అది గుమ్మాల్లోకి రావడం మానేసింది. గోడకి అడ్డం పెట్టిన రేకు ఆ కాలవ మీదకే, సీతాపతిగారి గుమ్మం ముందు నడవడానికి పనికొచ్చింది.

మరుసటి వేసవిలో, మామిడికాయలు దిగిన ఆదివారం, ఓబులపతిగారు స్టీలు క్యారేజీ ఒకటి పట్టుకుని సీతాపతిగారి గేటు దగ్గరికి వచ్చారు. చెప్పులు విప్పారు కానీ లోపలికి అడుగు పెట్టలేదు. పెరట్లోంచి నవ్వులు, గిన్నెల చప్పుడు, ఆవఘాటు వస్తున్నాయి. ఆయన గొంతు సవరించుకుని, లోపల ఎవరన్నా ఉండారా, రావచ్చునా అని అడిగారు.

"రండి రండి," అంది లోపల్నించి బాసంతి. "ఎవరూ లేరు. మనమే."